నేను చెరిపేసిన పదిహేడో నంబరు

ఆ రోజుల్లో మాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. కంప్యూటర్లకొచ్చిన వై టూ కే గండం పుణ్యమా అని సింగపూర్‌లో దిగిన మేం నలుగురు బ్రహ్మచారులం, ప్రపంచంలోని ఏ చిక్కునైనా పది లైన్ల ప్రోగ్రాంతో విప్పేయగలమని బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో కూర్చుని గట్టిగా నమ్మేవాళ్లం (అన్నం మాడకుండా వండటం ఒక్కటే ప్రోగ్రాంకి లొంగలేదు). మా పై అంతస్తులో ఒక ఆంటీ ఉండేవారు. తాతల నాడే అక్కడ స్థిరపడిన తెలుగావిడ, ప్రతి మాట చివరా 'లా' తగిలించేవారు. ఏటా ఓ పగడాల దీవుల వలయానికి వెళ్లి అక్కడి డాల్ఫిన్లను చూసి రాసుకురావడం ఆవిడ పని. వీపు మీది రెక్కకున్న గంట్లను బట్టి దేన్నయినా గుర్తుపట్టేవారు, ఒక్కోదానికి ఓ నంబరు ఇచ్చేవారు. "ఈసారి పడవలో ఒక సీటు ఖాళీ బాబూ. నా నాలుగేళ్ల లిస్టు కొంచెం నీట్ చేసి పెడితే నిన్నే తీసుకెళ్తాను లా" అన్నారు. సముద్రాన్ని ఒడ్డు నుంచి తప్ప చూడని నాకు ఆ సీటు మీదే ప్రాణమంతా.

ఒక్క ఆదివారంలో పని ముగించాను. తొమ్మిది వందల వరసల లిస్టు నలభై ఒకటికి దిగింది. మీసం మెలేస్తూ (అప్పుడుండేది) చూపించాను.

"మిగతావి ఏవి?"

"అన్నీ డూప్లికేట్లే ఆంటీ. పదిహేడో నంబరు ఒక్కటే పదకొండుసార్లు ఉంది. ఒక్కోటి ఉంచి మిగతావి తీసేసి, పాత ఫైలు మీదే సేవ్ చేసేశా."

ఆంటీ కుర్చీలో కూలబడ్డారు. "అయ్యయ్యో! పదకొండుసార్లు కనిపించింది కాబట్టే పదకొండుసార్లు రాశాను లా! అది మళ్లీ వస్తుందా లేదా అన్నదే కదా నా పరిశోధనంతా!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ నోటుబుక్కులు భద్రంగా ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. మూడు నెలలు, ఆఫీసు నుంచి రాగానే ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, పేజీలో అంటించిన రెక్క ఫొటో చూస్తూ ఒక్కో వరసా మళ్లీ కొట్టాను (టీ మాత్రం వేళకి వచ్చేది). సీటు సంగతి ఆవిడ ఎత్తలేదు, అడిగే మొహం నాకు లేదు. ఆఖరి వరస కొట్టిన రోజున మాత్రం, "లీవు దొరుకుతుందా?" అన్నారు.

దీవుల దగ్గర రెండో ఉదయం పడవ పక్కనే ఓ రెక్క తేలింది. పైన రెండు గంట్లు, కింద ఒకటి. ఆంటీ కళ్లజోడు సర్దుకునేలోపే "పదిహేడు!" అని అరిచాను. ఆవిడ నవ్వు ఆపుకోలేక, "పదిసార్లు చెరిపేశావు. పోనీలే అని మళ్లీ వచ్చింది చూడు" అన్నారు. నా కళ్లలో నీళ్లు సముద్రానివని బుకాయించాను.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు అదే ధీమాతో "క్లీన్ చేసేశాం సర్" అంటే ముందు గుండె ఝల్లుమంటుంది, తర్వాత నవ్వొస్తుంది. ఆ ఉదయం తీసిన ఫొటో నా కంప్యూటర్లో నాలుగు చోట్ల ఉంది. ఒక్కటి కూడా తీసేయలేదు.