గుర్రం తొక్కని బండ

కొన్నేళ్లుగా ఒక గుర్రాన్ని మోస్తున్నాను. లేని గుర్రమే. అయినా బరువు. మీతో కాక ఇంకెవరితో చెప్పను? ఊళ్లో చెబితే ఇదీ జోకే అనుకుంటారు.

మాది గట్టు మండలంలో ఒక ఊరు. చేతిరాత బాగుంటుందని, పంచాయతీ గోడ మీద మా మండలం భూగోళం, చరిత్ర నన్ను రాయమన్నారు. భూగోళం తొందరగానే అయిపోయింది: ఎర్రనేల, రాళ్లు, మళ్లీ ఎర్రనేల, అవతల కర్ణాటక. చరిత్ర దగ్గరే గోడ ఖాళీగా మిగిలింది. మా దిక్కు ఏ రాజైనా వచ్చినా నీళ్ల కోసమే ఆగి ఉంటాడు. అవీ దొరికి ఉండవు.

ఊరి చివర బండ మీద లోతైన గుంత ఒకటుంది. నర్సమ్మ పెద్దమ్మ అందులో కొర్రలు దంచేది. ఆమె అత్త, ఆ అత్తకు అత్త దంచి దంచి అరిగిన గుంత అది. భూమి లేని ఇల్లు. ఊరివాళ్ల కొర్రలు దంచిపెట్టి, వాళ్లు పెట్టిన గింజలతో బతికేది. ఇదంతా తెలిసే, యుద్ధానికి పోతూ రాజుగారి గుర్రం కాలు మోపిన గుర్తు అని రాశాను. సరదాకి. మిగతా మూడు కాళ్లు ఎక్కడ మోపిందని ఎవరైనా అడుగుతారనుకున్నాను. ఎవరూ అడగలేదు. ఎవరో పసుపు పూశారు. తర్వాత చుట్టూ ముళ్లకంప వేశారు. రోకలి పట్టుకొచ్చిన పెద్దమ్మను, అది దేవుని తావు, తొక్కొద్దని వెనక్కి పంపారు.

ఆమె నేరుగా మా ఇంటికొచ్చింది.

"ఏం రా, మా అత్త రోకటి పోటు నీకు గుర్రం డెక్క లెక్క కనవడ్డదా?"

"మీ అత్త పేరు రాస్తే ఎవరు సూస్తరు పెద్దమ్మా," అన్నాను.

నవ్వింది. "గట్లనా. జర పెద్దలకు నువ్వే చెప్పు బిడ్డా. నేను చెప్తే ఇంటలేరు."

చెప్తనన్నాను. చెప్పలేదు.

ఎందుకు? భయమా? అంత గొప్ప కారణం కూడా కాదు. అందరి మీదా జోకులేసేవాణ్ణి, నలుగురి ముందు నేనే జోకైపోతానని, ఇవాళ కాదు రేపు అనుకుంటూ, ఆ రేపటికి ఆమె పొయ్యి ఎట్లా వెలుగుతుందో ఆలోచించకుండా గడిపేశాను. ఆ ఏడు వానలూ లేవు. పెద్దమ్మ తన కొడుకు వెంట బొంబాయి కూలిపనికి పోయింది. కరువుకు పోయిందన్నారు ఊళ్లో. నేనూ తలూపాను. సగం నిజమే. మిగతా సగం నేను.

ఇప్పుడు బండకు ఏటా కొబ్బరికాయలు కొడతారు. ఆ వరసలో నేనూ నిలబడతాను. క్షమించమని ఆమెను అడగొచ్చు. కానీ ఆ వయసులో ఇటుకలు మోసే మనిషికి ఇంకో పని చెప్పడమే గదా అది. మీరూ క్షమించకండి. వినండి చాలు: అక్కడికి ఏ రాజూ రాలేదు. ఆడవాళ్లు కొర్రలు దంచారు. నాకు మొదటినుంచీ తెలుసు.