పోస్టులో రాని టికెట్లు

మొన్న భూపాలపల్లి నుంచి మా అక్క మనవరాలు ఫోన్ చేసి, ఏదో పోటీలో హనుమకొండలో పాటల కచేరికి రెండు టికెట్లు గెలిచానని, అవి అమ్మమ్మకూ నాకేనని, ఆమెను వెంటబెట్టుకొని వెళ్లే పూచీ నా మీదే పెట్టింది. పిల్ల సంబరంగా చెబుతుంటే నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. నలభై ఐదేళ్ల కిందటి సంగతి, ఇంటావిడకు కూడా ఇంతవరకు చెప్పనిది, గుర్తుకొచ్చింది. నా ఈడువాళ్లు మీరు, మీకైనా చెప్పుకోనివ్వండి.

అప్పుడు మాది కొడకండ్ల దగ్గర పల్లె. నేను జనగామలో ఒక బట్టల దుకాణంలో గుమస్తాగా కొత్తగా చేరి, వారానికోసారి ఇంటికి వచ్చేవాణ్ని. అక్క ఇంట్లో బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, పక్కన రేడియో. చేతులు తునికాకులో తంబాకు నింపి దారం చుడుతుంటే చెవులు పాటల మీద ఉండేవి. పాటకు ముందు వచ్చే సంగీతం కాస్త వింటే చాలు, పాటేదో, పాడిందెవరో ఇట్టే చెప్పేసేది. రేడియోలో సరిగ్గా అదే పోటీ పెట్టారు. ఆడపిల్ల పేరు రేడియోలో చదివితే బాపు ఊరుకోడని, జవాబులు అక్క చెబుతుంటే కార్డు నా పేరు మీద నేను రాసేవాణ్ని. చిరునామా మాత్రం దుకాణానిది, ఎందుకంటే మా పల్లెకు టపా ఎప్పుడొస్తుందో పోస్టుమ్యాన్‌కే తెలియదు.

ఒక ఆదివారం నా పేరు చదివారు. హనుమకొండలో పాటల కచేరికి రెండు టికెట్లు! తనకు ప్రాణమైన గాయని వస్తుందట, ఒక్కసారి కళ్లారా చూస్తే చాలని అక్క చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. వచ్చే నెల పెళ్లయి గార్లకు వెళ్లాల్సిన మనిషి, బాపును ఒప్పించడానికి రెండు రోజులు అన్నం ముట్టకుండా అలిగింది.

టికెట్లు దుకాణానికే వచ్చాయి. నేను కవరు విప్పుతుంటే, బట్టలకని వచ్చిన ఒక పెద్ద రైతు చూసి, అవి తనకిస్తే అడిగినంత ఇస్తానన్నాడు. తోటి గుమస్తాలందరి చేతులకూ గడియారాలుండేవి, నా చెయ్యి ఒక్కటే బోసిగా ఉండేది. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే ఎంత అల్పమైన ఆశ! ఇచ్చేశాను. ఇంటికి పోయి, టికెట్లు పోస్టులో రాలేదన్నాను. అక్క నన్నేమీ అనలేదు, పోస్టాఫీసు వాళ్లను మాత్రం నోరారా తిట్టింది. కొత్త గడియారం ఎక్కడిదంటే, దుకాణంలో వాయిదాల మీద ఇప్పించారని ఇంకో అబద్ధం.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ కచేరిని రేడియోలో వేశారు. నేనూ ఇంట్లోనే ఉన్నాను. పాటల నడుమ, పోటీలో గెలిచిన శ్రోతను వేదిక మీదికి రమ్మని నా పేరూ, ఊరి పేరూ పిలిచారు. చప్పట్లు మోగాయి. ఆ వెంటనే ఆ రైతు బొంగురు గొంతు, నేనేనన్నట్టు, ఆ గాయని చేతుల మీదుగా శాలువా కప్పించుకోవడం తన అదృష్టమని అందరికీ దండాలు చెప్పింది. అక్క చేతిలో దారం ఆగిపోయింది.

“గది నీ గొంతు కాదు గదరా తమ్మీ,” అంది.

అంతే. నా చేతి గడియారం వైపు ఒకసారి చూసి, మళ్లీ ఆకు అందుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. ఆ తర్వాత కార్డు రాయమని నన్ను అడగలేదు, నెల తిరక్కుండానే గార్లకు వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కలిసినా ఆ మాట ఎత్తలేదు. తప్పయిందని నేనూ అనలేదు, అనే ధైర్యం ఉంటే కదా.

నిన్న గార్లకు వెళ్లి టికెట్ల సంగతి చెప్పాను. అక్కకు కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి దగ్గర గట్టిగా చెప్పాలి. విని, నా ముఖంలోకి చూసి మెల్లగా నవ్వింది.

“గీసారన్న టికెట్లు పోస్టుల వచ్చినయా తమ్మీ?”

ఫోన్ తీసి, అందులో వచ్చిన టికెట్లు చూపించాను. ఇప్పుడు కార్డుల్లేవు, టపా కోసం ఎదురుచూపుల్లేవు, టికెట్టుకు కాగితమైనా లేదు. మొదటి సంగీతానికే పాటను పట్టే ఆ చెవీ లేదు. కచేరిలో తన ఎడమ పక్కన కూర్చొని, ఏ పాట వస్తున్నదో చెవిలో చెప్పమంది. సరేనన్నాను గానీ, నాకేం తెలుసు? ఆ రోజుల్లో జవాబులన్నీ తనవే కదా.