మూయించిన కిటికీ

తొర్రూరులో ఎరువుల దుకాణం నడిపే యుగేందర్ రోజూ పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని తన కొత్త ఇంటి ముందుకొచ్చి నిలబడతాడు. నైరుతి మూల గోడను కాసేపు చూస్తాడు.

అక్కడ ఒక పెద్ద కిటికీ ఉండాల్సింది. ప్లాను గీయడానికి హనుమకొండ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు ప్రసన్న, యుగేందర్ భార్య పద్మలతతో ఒక పూటంతా కూర్చుని మాట్లాడింది. పద్మలత జాకెట్లు కుడుతుంది. చూపు మందగిస్తోంది. "వేరే ఏం వద్దు బిడ్డా, మిషన్ మీద జర వెలుగు పడితే సాలు" అంది. ఆ మాటకే ప్రసన్న ఆ కిటికీ గీసింది.

గోడలు లేస్తుండగా సిద్ధాంతి వచ్చి, నైరుతిలో కిటికీ పనికిరాదన్నాడు. చదువుకున్న పిల్ల, వాస్తు అంటే నవ్వుతుందేమోనని యుగేందర్ ప్రసన్నకు చెప్పనేలేదు. మేస్త్రీతో ఇటుకలు పెట్టించి మూయించేశాడు.

గృహప్రవేశానికి వచ్చిన ప్రసన్న ఆ గోడ ముందు ఆగిపోయింది.

"ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది గదన్నా! సిద్ధాంతిని అడగకుండ నేనెన్నడన్న ఇల్లు కట్టిన్నా? కుట్టు గదినే తూర్పుకు మార్చి ఇస్తుంటి."

"ఇప్పుడు మార్చరాదా?"

"ఏడ మారుస్తం? తూర్పున మెట్లు కట్టుకున్నరు గదా."

పక్కనే ఉన్న పద్మలత నవ్వింది. "ఈయన బస్తాల మీద రాసింది చదువుతడు గని, పక్కనున్న మనిషి చెప్పింది ఇనడు బిడ్డా."

ఆమె తిట్టి ఉంటే యుగేందర్ ఈపాటికి మరిచిపోయేవాడు.

పద్మలత ఇప్పుడు బస్టాండు దగ్గర వెలుగున్న ఒక గది కిరాయికి తీసుకుని అక్కడ కుడుతోంది.