ఏడు సంచుల పడవ

పిల్లలకు తెరచాప పడవలు నేర్పే ఆ బడి గోడ మీద మూరెడేసి అక్షరాలతో రాసి ఉంది: "పడిన ప్రతిసారీ లేస్తాం." గోడల మీదకి ఇలాంటి మాటలు బాగానే ఉంటాయి. నీళ్లలో పక్కకి పడిపోయిన పడవని మళ్లీ నిలబెట్టడానికి మాత్రం పట్టుదల చాలదు, బరువు కావాలి. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి ఆ గోడరాత రాసిన మాస్టారికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది.

పిల్లలు ఆయన్ని లంగరు మాస్టారంటారు. ఎనభై నాలుగు కిలోల మనిషి, ఆయన నడిస్తే జెట్టీ పలకలు మూలుగుతాయి. పడవ పడిపోతే ఏం చెయ్యాలో ఆయనే చేసి చూపించేవాడు. పడవ అడుగు నుంచి రెక్కలా పొడుచుకొచ్చే పలక ఒకటి ఉంటుంది. దాని చివర పాదాలు మోపి, అంచు పట్టుకుని వెనక్కి వాలితే చాలు, తెరచాప నీళ్లు కారుస్తూ లేచి నిలబడేది. "చూశారా, అంతే!" అనేవాడు. కొత్త పడవ ఎంచుకునేటప్పుడూ అదే పరీక్ష, చేసేదీ ఆయనే.

అలా ఎంచిన పడవే పోయినేడాది ఆయన కూతురితో సహా రిజర్వాయరు మధ్యలో పడిపోయింది. పదకొండేళ్ల పిల్ల, ఇరవై తొమ్మిది కిలోలు. పలక ఎక్కింది, వాలింది, పడవ లేవలేదు. "గట్టిగా తొక్కు! బద్ధకించకు!" అని ఒడ్డు నుంచి మాస్టారు అరుస్తూనే ఉన్నాడు. మోటారు పడవ పక్కనే ఉంది, దాని తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. సొంత కూతురికి సాయం వెళ్తే మిగతా పిల్లలు ఏం నేర్చుకుంటారని పద్దెనిమిది నిమిషాలు ఆగాడు. వెళ్లేసరికి పిల్ల పెదాలు నల్లబడ్డాయి. బిగుసుకున్న వేళ్లని ఒక్కొక్కటే విప్పి పడవ అంచు విడిపించాల్సి వచ్చింది.

బతికింది. "నేను సరిగ్గా తొక్కలేదు నాన్నా," అని ఒక్కసారి అంది. మళ్లీ నీళ్ల ఊసెత్తలేదు. బళ్లో ఇరవై రెండు మంది పిల్లలు అయిదుగురయ్యారు.

ఈ ఏడాది పాత పడవలన్నీ పగుళ్లిచ్చాయి. బడి కార్యదర్శి మూడు రకాల కొత్త పడవలు ఒక్కోటి చొప్పున తెప్పించి ఒడ్డున పెట్టించాడు. ఆదివారం సాయంత్రంలోగా ఒకటి తేల్చి మాస్టారు సంతకం పెట్టాలి. లేదంటే బడికి తాళమే.

ఆ ఆదివారం పొద్దున, తెరచాపలకి మాసికలు వేసే ఆయన భార్య మిషను మీంచి తలెత్తకుండానే అడిగింది.

"ఈసారీ మీరే ఎక్కి చూస్తారా?"

"నేను కాకపోతే ఎవరు చూస్తారు?"

"మీరెక్కి తొక్కితే మనింటి గోడైనా లేచి నిలబడుతుంది. అదీ ఒక పరీక్షేనా?"

మాస్టారు చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. ఇరవై ఒక్క ఏళ్లుగా తను పడవల్ని చూడలేదు, తన బరువునే చూసుకుని మురిసిపోయాడు.

మధ్యాహ్నానికల్లా ఆవిడ పాత తెరచాప గుడ్డతో పన్నెండు జంట సంచులు కుట్టిచ్చింది. ఒక్కో జంటకి అయిదు కిలోల పొడి ఇసుక. కూతురు కూడా ఒడ్డుకి వచ్చింది, ఎవరూ పిలవలేదు. నీళ్లకి వీపు పెట్టి మెట్ల మీద కూర్చుంది.

మొదటిది నీలం పడవ, పోయినేడాది పడిపోయిన రకమే. మాస్టారు నడుంలోతు నీళ్లలో దాన్ని పక్కకి పడేసి, పిల్లల బరువుకి బదులుగా పలక చివర సంచులు వేలాడదీయసాగాడు. నాలుగు. అయిదు. ఆరుకి కూడా తెరచాప నీళ్లలోనే ఉంది. ఏడోది వేస్తే మెల్లగా లేచింది.

ముప్పై అయిదు కిలోలు. పోయినేడాది కూతురు ఇరవై తొమ్మిది. ఆ రోజు పిల్ల ఇంకో గంట వేలాడినా ఆరు కిలోలు ఎక్కణ్ణించి తెస్తుంది?

రెండో పడవకి ఎనిమిది సంచులు పట్టాయి. మూడోది ఇద్దరెక్కే పడవ, వెడల్పు, మందగొడి. దానికి పది. మిగిలిన అయిదుగురిలో అందరికన్నా బక్కపిల్లలు ఇద్దరు కలిస్తే యాభై నాలుగు కిలోలు. అంటే లేపగలరు.

కార్యదర్శి కాయితాలతో వచ్చేసరికి మాస్టారు తడిబట్టలతోనే ఉన్నాడు.

"మూడోదే కొనండి సార్."

"ఆ తొట్టా? పోటీలన్నీ ఒక్కళ్లెక్కే పడవలకే కదా మాస్టారూ! పోటీలకి పంపకపోతే ఆ అయిదుగురు కూడా రారు."

"నీలం పడవని మన పిల్లల్లో ఒక్కరూ లేపలేరు సార్."

"ఎదిగే పిల్లలు, బరువు పెరగరా ఏంటి?"

"అప్పటిదాకా నీళ్లలోనే ఉండమంటారా?"

కార్యదర్శి మొహం గంటు పెట్టుకున్నాడు. "చూడండి, నీలం పడవకి సంతకం పెట్టేవాళ్లు ఇంకొకరు దొరుకుతారు. మీరిక రేపట్నించి రానక్కర్లేదు." మెట్ల మీదున్న పిల్లని చూసి గొంతు తగ్గించాడు. "మనసులో పెట్టుకోకండి." ఫోను చేసుకోవడానికి గేటు దాకా వెళ్లాడు.

మాస్టారు మెట్ల మీద కూలబడ్డాడు. వేరే పనేదీ రాదు ఆయనకి. అదీ కాక, రేపు వచ్చేవాడు కూడా ఇదే ఒడ్డున నిలబడి గట్టిగా తొక్కమనే అరుస్తాడు.

"ఏడు కదా నాన్నా?" కూతురు అడిగింది. నీళ్ల వైపు తిరిగి ఉంది, ఎప్పుడు తిరిగిందో. "లెక్కపెట్టాను."

"ఏడే తల్లీ."

"అయితే నేను సరిగ్గానే తొక్కాను."

మాస్టారు లేచి పడవల కొట్టంలోకి వెళ్లి నల్లరంగు డబ్బా, కుంచె తెచ్చాడు. నీలం పడవ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మెరిసే అంచు మీద పెద్ద మూడు వేశాడు, పక్కనే అయిదు.

గేటు దగ్గర్నించి కేక. "ఏంటది? ఇంకా కొనని పడవ మీద రంగులేస్తారా? ఎవరు వెయ్యమన్నారు?"

మాస్టారు కుంచె మళ్లీ డబ్బాలో ముంచాడు. కూతురు మెట్లు దిగొచ్చి డబ్బా పట్టుకుంది.

"అక్కడ కాదు నాన్నా, అడుగున రాయి. పడ్డాక కనిపించేది అదే."