కిర్రుచెప్పుల శవం

చచ్చిపడి ఉండటం కూడా చేతకాని మనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే. ఆరేళ్ల కిందట ఒక ఊళ్లో హతుడినై, పది నిమిషాలు కుదురుగా చచ్చి ఉండలేక, అక్కడి యుద్ధాన్నే తలకిందులు చేశాను.

అది నిజం ఊరు కాదు. మంగళగిరి అవతల కమాండోల శిక్షణకు కట్టిన ఉత్తుత్తి ఊరు. డబ్బులేని బ్యాంకు, మందుల్లేని ఆసుపత్రి, పొయ్యి లేని ఇళ్లు. అచ్చం మా వంశంలాగే, బయటికి మాత్రం దర్జా. అప్పట్లో నేను వన్ టౌన్‌లో ఒక చీరల కొట్టుకు సలహాదారును. గుమాస్తా అన్నది గిట్టనివాళ్ల మాట. ఆ ఊళ్లో జనంగా నటించేవాళ్లు కావాలన్నారు. ఊరి పెద్ద వేషం నాదే అనుకుని జరీ కండువాతో, తాతగారి కిర్రుచెప్పులతో వెళ్లాను.

శిక్షకుడు నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు శవమండీ."

"శవమా! ఏ హోదా శవం?"

"ఇంటి యజమాని. దుండగులు మిమ్మల్ని కాల్చి, బందీతో మేడ మీదున్నారు. ఈ ఇల్లు మీదే అనుకుని హాల్లో పడుకోండి. కదలకండి."

ఈ ఇల్లు మీదే! తాతల నాటి దివాణం చేజారిన వాడితో అనదగిన మాటేనా? పడుకున్నానో లేదో ఆ సిమెంటు గోడలన్నీ నావైపోయాయి.

బందీని విడిపించాల్సిన ఎస్సై సుజాత జట్టు అప్పటికే రెండుసార్లు ఓడింది. ఇనుప మెట్ల మీద బూట్లు దడదడమనగానే, పైనున్నవాళ్లు బందీని చంపేసినట్టు ఈల వేసేవారు. మూడోసారీ ఓడితే జట్టంతా ఇంటిదారే.

తలుపు మెల్లగా తెరుచుకుంది. ఆరు జతల బురద బూట్లు నా హాల్లోకి! శవం లేచి కూర్చుంది.

"బూట్లు బయట విప్పి రండి." గొంతు పెంచడం మా ఇంట లేదు గనుక మెల్లగానే అన్నాను.

"బాబాయిగారూ, మీరు పోయారండీ!" గుసగుసలాడింది సుజాత.

"పోయింది ప్రాణమమ్మా. మర్యాద కాదు."

"విప్పేద్దాం మేడమ్, ఈయన వదిలేలా లేడు," అన్నాడు వెనకున్న కానిస్టేబుల్.

విప్పారు. వట్టికాళ్లతో పిల్లుల్లా మెట్లెక్కారు. పైన దుండగుల వేషంలోని శిక్షకులిద్దరూ పెసరట్లు తింటున్నారట. అల్లం పచ్చడి చేతులే పైకెత్తారు. బందీ క్షేమం!

నన్ను శవం చేసిన శిక్షకుడు రొప్పుతూ వచ్చాడు. "శవం మాట్లాడొచ్చా అండీ?"

"యజమాని చచ్చినా యజమానే!"

శవాన్ని నలుగురు మోస్తారు. నన్ను ఆరుగురు, బతికుండగానే, జేజేలతో భుజాలకెత్తుకున్నారు. మా ముత్తాత పల్లకీ కూడా అంత ఎత్తున సాగి ఉండదు. సరిగ్గా అప్పుడే సుజాత చెవి పక్కన ఏదో కిర్రుమంది. తలతిప్పి చూసింది.

"బాబాయిగారూ, మరి తమరు హాల్లో వీటితోనే పడుకున్నారా అండీ?"

నా కాళ్లకు తాతగారి చెప్పులు!

ఆ భుజాల మీదే, కండువా సర్దుకుని ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరింట్లో చావవలసి వచ్చినా, చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్లు కడుక్కుని మరీ చస్తాను.