తాండూరు బండ మీద నా రసవాదం

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటికీ పోటీ పెడితే మొదటి బహుమతి దేనికో నాకు అనుమానమే లేదు. దగ్గుమందు సీసాడు ద్రావకంతో ఒక పెద్దమనిషి పొట్ట కొట్టబోయాను. అదీ ఆయన ఇంట్లోనే కూర్చుని, ఆయన తెప్పించిన మిర్చీ బజ్జీలు తింటూ!

అప్పుడు నేను వికారాబాద్‌లో డిగ్రీ మూడో సంవత్సరం. ఏ సబ్జెక్టో ఇప్పుడే చెప్పను. చెబితే మీరు ఇక్కడే నవ్వేసి మిగతాది చదవరు. ప్రతి ఆదివారం పొద్దున్నే రైలెక్కేదాన్ని, ధారూర్‌లో మా క్లాసు శివుడు ఎక్కేవాడు, ఇద్దరం తాండూరులో దిగి మా దోస్తు నజ్నీన్ ఇంటికి ఆటకు పోయేవాళ్లం. ఆటంటే క్యారమ్స్ అనుకునేరు. నజ్నీన్ కోటలు, గుహలు, రాక్షసులు ఉన్న కథ ఒకటి చెబుతుంది. అందులో మాకు తలా ఒక వేషం. నేను ఫలానా పని చేస్తున్నానని చెప్పి ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని అయినట్టు, ఒకటి పడితే మన ఖర్మ. శివుడు కత్తివీరుడు. నేను నీలజ్వాల అనే రసవాదిని. అంటే మందులూ ద్రావకాలూ కలిపి సీసాల్లో పెట్టుకుని తిరిగే మహా మేధావిని. ఇంట్లో టీ పెట్టమంటే పొయ్యి మీద పొంగించే మనిషిని, అక్కడ మాత్రం ఇనుము కరిగించేదాన్ని.

నజ్నీన్‌ది ఒక నియమం ఉండేది. ఉత్త నోటితో చెప్పకుండా చేసి చూపిస్తే పాచిక మీద రెండు ఎక్కువ కలుపుతుంది. ఆ రెండు కోసం నేను గడ్డి తినడానికైనా సిద్ధం.

ఒక ఆదివారం మా కథ తాళం వేసిన ఇనుప తలుపు ముందు ఆగిపోయింది. వారమంతా ఆలోచించి, వంటల్లో పులుపుకు వాడే నిమ్మ ఉప్పు పొట్లం మొత్తం కొద్దిపాటి నీళ్లలో కరిగించి, చిటికెడు ఆకుపచ్చ మిఠాయి రంగు వేసి, ఖాళీ దగ్గుమందు సీసాలో పోశాను. పైన చీటీ కూడా అంటించాను. బాధ్యత గల రసవాదిని కదా, ముందు మా వంటింటి టైల్స్ మీద పోసి అరగంట కాపలా కూర్చున్నాను. ఏమీ కాలేదు. పరీక్ష పాసైందని సంచిలో పెట్టుకున్నాను.

నజ్నీన్ వాళ్ల నాన్న ఖాజా చాచాది బండలు పరిచి పాలిష్ పట్టే పని. వాళ్ల ముందు గదిలోని నీలం తాండూరు బండలే ఆయన దుకాణమూ, బోర్డూ అన్నీ. పని ఇవ్వదలచినవాళ్లు వచ్చి ఆ నేల చూస్తారు, నచ్చితే మాట ఇస్తారు. అందరూ టైల్స్ వైపు పోతుండటంతో ఆయనకు రెండు నెలలుగా పెద్ద పని లేదు. ఆ రోజు మధ్యాహ్నం పెద్దేముల్ నుంచి యాదమ్మ అనే ఆవిడ వస్తోంది. కొత్త ఇల్లు, ఇల్లంతా బండలు. చాచా వారమంతా ఆ నేలను మొహం కనబడేలా రుద్దాడు. గుమ్మంలోనే నజ్నీన్ చెప్పింది:

"చెప్పులు ఇడిసినంక కాళ్లు గూడ తుడుసుకోండ్రి. ఆమె రాకముందే ఆట ఖతం జేద్దాం."

తుడుచుకున్నాను. చాచా తెప్పించిన మిర్చీలు తింటూ బుద్ధిగా కూర్చున్నాను. ఇనుప తలుపు రాగానే సీసా మూత తీశాను.

"నీలజ్వాల తాళం మీద ద్రావకం పోస్తున్నది!"

"ఏది, పొయ్యి సూద్దాం," అంది నజ్నీన్, సీసాలో ఉన్నవి రంగునీళ్లే అనుకుని.

పోశాను. బండ మీద బుస్సుమని నురగ లేచింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం. నిజం, చప్పట్లు కొట్టాం! శివుడైతే ఫోన్ తీసి వీడియో కూడా మొదలుపెట్టాడు. పాచిక వేశాను. ఒకటి పడింది. కథలో తాళానికి గీత కూడా పడలేదు. బండ మీద నురగ తుడిచేసరికి మాత్రం విస్తరాకంత తెల్లటి మచ్చ.

"మౌనికా," అంది నజ్నీన్ చాలా నెమ్మదిగా, "నువ్వు సదివేది ఏంది?"

"కెమిస్ట్రీ."

అవును, కెమిస్ట్రీ. ఇప్పుడు నవ్వండి.

"సున్నపురాయి మీద ఆసిడ్ పోస్తె ఏమైతది?"

"కార్బన్ డయాక్సైడ్ వస్తది. ఐదు మార్కుల ప్రశ్న."

"మరి మా బండ ఏం రాయి?"

సున్నపురాయే, ఇంకేముంది! అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? కొబ్బరినూనె రాస్తే మెరుపు వస్తుందని తేల్చి అరచేతినిండా రాశాను. తెల్ల మచ్చ చుట్టూ నల్ల మచ్చ తయారైంది.

"ఇంకేమన్న కలుపుతవా?" అన్నాడు శివుడు. "ఉప్పు, కారం?"

బయట ఆటో ఆగింది. మేం గబుక్కున చాప పరిచి ముగ్గురం దాని మీద కూర్చున్నాం.

చాచా యాదమ్మను తీసుకుని లోపలికి వచ్చాడు. "జర లేవుండ్రి బిడ్డా, అమ్మకు బండలు సూపియ్యాలె."

"రాక్షసుడు వచ్చిండు చాచా, లేస్తె చంపుతడు," అన్నాను.

"అరె, నేను సెప్పిన అని జెప్పు. పది నిమిషాలు ఆగుతడు."

లేచాం. చాప తీశాడు. చూశాడు. నా చేతిలో సీసా చూశాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను.

"గిదేంది భాయ్?" అంది యాదమ్మ. "మా ఇంట్ల దినాం పచ్చిపులుసే. గిన్నె ఒలికితె గిట్లనే అయితదా?"

కాదని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. చాచా ఆడలేదు.

"అయితదమ్మా. పులుపు పడితె ఎంటనే నీళ్లతోని కడగాలె. కడగకుంటె గిట్ల మచ్చ వడ్తది. పడ్డా ఫికర్ లేదు, ఎట్ల పోతదో సూడు."

పాలిష్ రాయి తెచ్చి, నీళ్లు చల్లి, అక్కడే మోకాళ్ల మీద కూర్చుని రుద్దాడు. గరుకు రాయి, తర్వాత నున్నటి రాయి. నేను నీళ్లు పోస్తూ ముక్కు తుడుచుకుంటున్నాను. గంట దాటాక సగం మచ్చ పోయి యాదమ్మ మొహం ఆ బండలో కనబడింది.

"నలుగురు మేస్త్రీలను అడిగిన. ఒక్కడు గూడ గీ ముచ్చట జెప్పలే," అందామె. "మా ఇంటి పని నువ్వే జెయ్యి."

ఆమె వెళ్లాక చాచా కాళ్ల మీద పడబోయాను. ఆయన భుజం పట్టి లేపాడు. "రుద్దితె పోయేదానికి గింత ఏడుస్తరా? పరేషాన్ గాకు. మిగిలిన మిర్చీలు సల్లగయినయి, తిను."

ఆ రోజు ఆయన ఒక్క కటువు మాట అని ఉంటే నేను ఆ గడప మళ్లీ తొక్కేదాన్ని కాదు. ఇప్పటికీ ఆదివారాలు ఆ గదిలోనే, ఆ చాప మీదే గడుస్తున్నాయంటే అది ఆయన మంచితనమే. తలచుకుంటే నా కళ్లు చెమరుస్తాయి. మిగిలిన సగం మచ్చను ఆయన రుద్దలేదు. వచ్చినవాళ్లకు చూపించడానికి అలాగే ఉంచాడు. మూడేళ్లలో ఒక్కొక్కరికీ కాస్త కాస్త రుద్ది చూపించగా అదీ అయిపోయింది.

కాబట్టి పాఠకులారా, పాచిక సాక్షిగా శపథం చేస్తున్నాను: ఈ జన్మలో ఎవరి నేల మీదా, అది ఏ రాయో అడగకుండా, చుక్క ద్రావకం కూడా ఒలకబోయను. ఈ ఆదివారం మాత్రం తప్పదు. పొద్దున చాచా ఫోన్ చేశాడు.

"బిడ్డా, మచ్చ ఒడిసింది. మోమిన్‌పేట్ నుంచి పార్టీ వస్తున్నది. నీ సీసా పట్టుకొని రా."