తెర చాటు ఉలవచారు

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, ఎండాకాలం వస్తే బిందెడు నీళ్ళకు తన్నుకునే ఉదయగిరిలో పెద్ద పండగ చేస్తామని జనార్దనయ్య బయలుదేరినప్పుడు నాకు నవ్వొచ్చింది. అది 1955 మాఘమాసం. రాజులు ఏలిన కోట కొండ మీద ఉంది, కొండ కింద మేమున్నాం, చూడటానికి మాత్రం ఎవరూ రారు. నెల్లూరు నుంచి బయలుదేరిన మనిషి ఆత్మకూరులో దిగి, అక్కడే తిని, అక్కడే పని చూసుకుని వెనక్కి పోతాడు. మూడు రోజులు నాగస్వరం, హరికథ పెట్టి, మా వైపు వంటలు వండి వడ్డిస్తే ఊరికి పేరొస్తుందనీ, పేరొస్తే పెద్దవాళ్ళు వస్తారనీ, వాళ్ళొస్తే రోడ్డు బాగుపడుతుందనీ జనార్దనయ్య చెప్పేవాడు. ఆయన పెద్ద ఆసామి. ఆ రోడ్డు ఆయన చేల పక్కగానే పోతుంది గనక నాకు మొదటినుంచీ అనుమానమే. బళ్ళో అయ్యవారిని, పైకి అనలేదు. తర్వాత ఆ రోడ్డు సరిగ్గా ఆయన చేల దాకా వచ్చి ఆగిపోయింది, అది వేరే కథ.

అయినా నాగేశ్వరమ్మ అనుమానం ముందు నా అనుమానం ఏ పాటిది!

నాగేశ్వరమ్మ కోమట్ల వీధిలో పూటకూటి ఇల్లు నడిపేది. భర్త వెంకటరమణయ్య పోయేనాటికి కొడుకు కోటిలింగానికి నాలుగేళ్ళు. ఆ పిల్లవాణ్ణి ఆమె ఉలవచారే పెంచి పెద్ద చేసింది. తాలూకా కచ్చేరీలో పని పడి దుత్తలూరు వైపు నుంచి బళ్ళమీద వచ్చే రైతులు, పని పెందలాడే అయిపోయినా ఆ చారు కోసం మధ్యాహ్నం దాకా అరుగుల మీద కూర్చునేవాళ్ళు. నేను పదకొండేళ్ళు ఆ ఇంట్లో తిన్నాను. చారులో ఏం పడుతుందో అప్పటికి నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. గుండిగ తెర్లే సమయానికి అందరినీ బయటికి పంపి తలుపు వేసుకునేది. అంతటితో ఆగిందా? శీనయ్య కొట్టుకు వాము, గసగసాలు, జాపత్రి అని చీటీ పంపేది. వాటిలో ఒక్కటీ చారులో పడదు. చీటీ చూసినవాడు దారి తప్పాలని ఆమె ఎత్తు.

ఆ భయం మరీ ముదిరింది కోడలు వచ్చాకే. ఆత్మకూరు గోపాలయ్య కూతురు పద్మావతమ్మను కొడుక్కి చేసుకున్నప్పుడు ఆయనది గుడ్డల కొట్టు. పెళ్ళయిన ఆరు నెలలకు గోపాలయ్య కొట్టు ఎత్తేసి, బస్సులు ఆగే చోట హోటలు పెట్టాడు. ఆనాటి నుంచి నాగేశ్వరమ్మకు కంటిమీద కునుకు లేదు. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. ఇదే చారు ఆత్మకూరులో దొరికితే ఉదయగిరి దాకా ఎవడొస్తాడు? తన ఇల్లు మూతపడాల్సిందే.

అందుకని కోడల్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అంట్లు తోమడం, నీళ్ళు తోడటం, విస్తళ్ళు కుట్టడం, ఇవే ఆ అమ్మాయి పనులు. పుట్టింటికి అయిదేళ్ళలో రెండుసార్లు పంపింది. రెండుసార్లూ తానే వెంట వెళ్ళి, తల్లీకూతుళ్ళ మధ్య కూర్చుని, సాయంత్రం బస్సుకు వెనక్కి తెచ్చుకుంది. ఒక్క పది దినాలు బిడ్డను పంపమని పద్మావతమ్మ తల్లి రామసుబ్బమ్మ జాబు రాయిస్తే, దాన్ని చదివి వినిపించింది నేనే.

"పది దినాలెందుకంట? చారు కాచేది నేర్పేదానికి అన్ని దినాలు పట్టదే!" అంది నాగేశ్వరమ్మ.

నేను పెద్దగా నవ్వాను. గడప అవతల పద్మావతమ్మ నిలబడి ఉందని తర్వాత చూశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పండగకు వారం ముందు, నేను భోంచేస్తుండగా జనార్దనయ్య ఆమె ఇంటికి వచ్చాడు.

"అక్కా, మూడో దినం పెద్ద విందు. జిల్లా నుంచి పెద్దోళ్ళు వస్తా ఉండారు. నీ ఉలవచారు లేకపోతే ఉదయగిరి వంటలని ఏం జూపించేది?"

"ఇన్నేండ్లూ లేనిది ఇప్పుడు నా చారు మీద పడినారేంది? ఎవురు చెప్పి పంపినారు నిన్ను?"

"ఒకరు చెప్పేదేంది, నేను తిన్లేదా?"

"ఆత్మకూరోళ్ళు వస్తా ఉండారా?"

"గోపాలయ్య కూడా చారు కాస్తానన్నాడు. నీ వియ్యంకుడు గదా, వద్దంటే బాగుంటాదా?"

"అదీ సంగతి!" అన్నట్టు ఆమె నావైపు చూసింది. కాదందామనే అనుకుంది. కానీ తాను కాదంటే పెద్దవాళ్ళు గోపాలయ్య చారు తాగి, ఉదయగిరి చారంటే ఇదేనని చెప్పుకుపోతారు. అది ఆమె భరించలేదు. పొయ్యి చుట్టూ నాలుగువైపులా తెర కట్టాలనీ, తెర దగ్గర కాపలాకు అయ్యవారు తప్ప ఎవరూ ఉండకూడదనీ చెప్పి ఒప్పుకుంది.

మూడో రోజు కొండ కింద పందిళ్ళలో జనం కిటకిటలాడిపోయారు. నాగేశ్వరమ్మ తెల్లవారుజామునే తలస్నానం చేసి మడి కట్టుకుని, తన ఇంటి గుండిగతోనే దిగింది. పరాయి గుండిగను ఆమె నమ్మదు. చుట్టూ పాత చీరెలు తెరగా కట్టించింది. నాగస్వరం వాళ్ళు పక్కనే వేపచెట్టు నీడన కూర్చుంటే వాళ్ళను అవతలి పందిట్లోకి పంపించింది.

"వాళ్ళేం చేస్తారమ్మా, పాపం?" అన్నాను.

"ఊదేవోడికి పీల్చేది రాదా అయ్యవారూ?" అంది.

ఆమె పద్ధతి ఒకటుంది. దేవుడికి నైవేద్యం పెట్టందే వంట రుచి చూడదు. పాళ్ళన్నీ చేతి లెక్కే. జన్మలో ఎప్పుడూ గరిటె నోటి దగ్గరికి తీసుకెళ్ళిన మనిషి కాదు, ఎప్పుడూ తప్పిందీ లేదు. ఆ రోజు రెండు మూటలు బొడ్లో దోపుకుంది. ఒకటి ఆమె రహస్యం, రెండోది ఉప్పు. ఉప్పు కూడా ఎంత వేస్తుందో ఎవరి కంటా పడకూడదు.

మొదటి మూట పడిందో లేదో, తెర బయట గోపాలయ్య గొంతు వినిపించింది.

"అక్కయ్యా, సాయమేమన్నా కావాల్నా?"

నాగేశ్వరమ్మ చివాలున బయటికొచ్చి ఆయనను పదడుగుల అవతలికి నడిపించి, మాటలు పెట్టి చాలాసేపు నిలబెట్టింది. తిరిగి తెర ఎత్తేసరికి లోపల పద్మావతమ్మ. నీళ్ళబిందె కింద పెట్టి ఉంది. చెయ్యి గుండిగ మీద ఉంది.

"ఏమేసినావే అందులో?"

"ఉప్పు అత్తా."

"నా చారులో ఉప్పేసేదానికి నువ్వెవురివే? పెద్దోళ్ళ ముందర నా పరువు తియ్యమని మీ నాయన చెప్పినాడా?"

నాగస్వరం మోతలో ఆ కేక బయటికి పోలేదు గానీ, నీళ్ళు తెచ్చిందని ఆ అమ్మాయిని లోపలికి వదిలిన నేను, చేతిలో విస్తళ్ళు అక్కడే పారేసి లోపలికి పరుగెత్తాను. అప్పటికే ఆమె మసిగుడ్డలతో గుండిగ అంచులు పట్టుకుంది, ఒంపేయడానికి.  పద్మావతమ్మ మాత్రం అడ్డం రాలేదు, ఏడవలేదు.

"నీ బొడ్లో చూసుకో అత్తా" అంది నెమ్మదిగా.

నాగేశ్వరమ్మ తడుముకుంది. చారు దించే వేళైనా ఉప్పు మూట ముడి విప్పకుండా అట్లాగే ఉంది.

"ఆ ముక్క నోటితో చెప్పకూడదా?"

"మా నాయన బయటనే ఉండాడు. ఆయన వినేటట్టు, నువ్వు ఉప్పు మరిచిపోయినావని అరవమంటావా?"

"ఎంతేసినావు?"

"పందిట్లో ఉప్పే, నువ్వేసేదంతే. మూడు గుప్పిళ్ళు."

"నీకెట్టా తెలుసు?"

"అయిదేండ్లుగా ఆ గుండిగ తోమేది నేనే గదత్తా. అడుగున ఉసిరి పెచ్చులు, వేయించిన సజ్జ నూకలు అంటుకోనుంటాయి. ఉప్పు కుండలో ఎంత తగ్గిందో దినామూ చూస్తానే ఉండాను."

నాగేశ్వరమ్మ పీట మీద కూలబడింది. తలుపులు వేసి, చీటీలు రాసి, నాలుగు తెరలు కట్టి దాచుకున్నది అంట్ల దొడ్లో ఏనాడో బయటపడింది. 

"ఎవురితో చెప్పినావు?"

"ఎవురితో చెప్పేదత్తా? నన్ను యాడికి పంపినావు గనక?"

నేను తల వంచుకుని బయటికొచ్చి, చెదిరిన విస్తళ్ళు ఏరుకున్నాను.

నైవేద్యం అయింది, విందు మొదలైంది. నెల్లూరు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మర్యాదలు మరిచిపోయి చారు దోసిట్లో పోయించుకుని తాగాడు. గోపాలయ్య చారు దగ్గర జనం నిలవలేదు. నేనూ రుచి చూశాను. వాము ఘాటుకు కళ్ళ నీళ్ళొచ్చాయి. శీనయ్య కొట్టు చీటీలు ఆయన్ని ఎంత దూరం తీసుకుపోయాయో అర్థమైంది. పాపం, ఆయన ఇటొచ్చి నాగేశ్వరమ్మ చారు తాగాడు, మళ్ళీ తాగాడు. తర్వాత వడ్డిస్తున్న కూతుర్ని పక్కకు పిలిచాడు. అది సరిగ్గా తెర ముందే. నాగేశ్వరమ్మ లోపల గుడ్డ అంచు పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్ళు ఏ క్షణానికి భయపడిందో అది వచ్చేసింది.

"అమ్మా పద్మావతీ, ఇందులో పడేది ఏందో నాకొక్కడికి చెప్పు. హోటలు నడవక చస్తా ఉండాను."

పద్మావతమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తండ్రి ముఖం చూడలేకపోయింది.

"నాకు తెలీదు నాయనా."

"అయిదేండ్లు ఆ ఇంట్లో ఉండి తెలీదంటావా?"

"పొయ్యి దగ్గరికి రానియ్యరు నాయనా. గుండిగ తోమేదాన్ని, నాకేం తెలుస్తాది?"

 కూతురి తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. లోపల నాగేశ్వరమ్మ కళ్ళ నీళ్ళు ధారలు కట్టాయి. నేను చూస్తున్నానని తెలిసి కూడా తుడుచుకోలేదు. పొగ వల్లనని సాకు చెబుతుందేమో అనుకున్నాను, చెప్పలేదు.

సాయంత్రం గోపాలయ్య గిన్నెలు బస్సుకెత్తించుకుంటుంటే, నాగేశ్వరమ్మ ఒక చేత్తో బట్టల సంచీ, ఒక చేత్తో కోడల్ని పట్టుకుని వచ్చింది.

"అన్నయ్యా, పిల్లను తీసుకపో. వదిన పది దినాలు అడిగింది. నెల ఉండనియ్."

"నువ్వు గూడా రా అక్కయ్యా, ఎప్పుడూ వస్తావు గదా."

"నేను రాను. దాన్నొక్కదాన్నే తీసుకపో."

పద్మావతమ్మ సంచీ అందుకోలేదు. సంచీ వంక చూసింది, అత్త వంక చూసింది. ముఖం పాలిపోయింది.

"ఎందుకు పంపిస్తా ఉండావత్తా? ఉప్పేసినానని కోపమా? నన్ను మళ్ళీ ఇంటికి రానియ్యవా?"

నాగేశ్వరమ్మ సంచీని గోపాలయ్య చేతికిచ్చింది. డ్రైవరు హారను మోగిస్తున్నాడు. ఆమె కోడలి తల మీద చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టే తల్లీ, నువ్వొచ్చేదాకా దినాలు లెక్క పెట్టుకుంటా ఉంటాను" అంది. ఆ అమ్మాయి తలాడించి బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగేదాకా పద్మావతమ్మ కిటికీలోంచి అత్త ముఖాన్నే చూస్తూ ఉంది. నమ్మినట్టు లేదు.